ఏడ్వని పిల్ల

మొన్న పొద్దుగాల మా పక్కింటామె తన కోడల్ని ఎంటబెట్టుకొని వచ్చింది. కోడలికి తొమ్మిదో నెల పడ్డది. సూరత్ పక్కన డిండోలిల మా గల్లీ అంత సాంచెలోళ్లే, కరెంటు మగ్గాలను మేము సాంచెలంటం. గల్లీల ఎవరికి కాన్పు దగ్గర పడ్డా నా దగ్గరికి తోలుకొస్తరు. కాళ్లు చాపుకొని, కాళ్ల మీద పసిపిల్లను పండబెట్టుకొని నీళ్లు పోసుడుల నాకు పేరున్నది. ఆ కోడలు పొట్ట పట్టుకొని వంగి నా కాళ్లు మొక్కింది. "మంచిగ దీవించు అక్కా," అన్నది పక్కింటామె, "మీ మనవరాలి లెక్క బుద్ధిమంతురాలు పుట్టాలె. పుట్టినప్పుడు ఏడుపే ఎరుగదట గదా!" నెత్తి మీద పెట్టిన చెయ్యి నాకు తెల్వకుండనే ఎనక్కి వచ్చింది. "గల్లీ అంత లేసి కూసునేటట్టు ఏడ్సే పిల్ల పుట్టాలె," అన్న. పక్కింటామె మొకం మాడ్సుకున్నది. చాయ పెడ్తనన్నా ఆగలే. ముసల్దానికి మతి పోయింది, గిదేం దీవెన అనుకొనే ఉంటది.

ఆమె తప్పేం లేదు. ఆ గొప్పలు గల్లీల చెప్పుకున్నది నేనే, ఆరేండ్ల కింద, ఇదే వాకిట్ల కూసొని. మా ఇంట్ల మొదటి నుంచి అందరం ఒర్రుకుంటనే మాట్లాడుతం. ఇరవై అయిదేండ్లు సాంచెల మోతల కండెలు చుట్టినదాన్ని, నా చెవులు సగం పోయినై. మా ఆయనవైతే మొత్తమే పోయినై. కూరల ఉప్పు సరిపోయిందా లేదా అని మేమిద్దరం మాట్లాడుకుంటుంటే కింది అర్రలోళ్లు కొట్లాట ఆపుదామని పైకి ఉరికొచ్చేటోళ్లు. ఆయన పోయినంక ఇల్లు సప్పుడు లేకుంట అయింది. గట్లాంటి ఇంట్ల కోడలు నీళ్లోసుకున్నదంటే నాకెంత సంబురమో చూడుండ్రి. ఇంక పెత్తనం నాదే అనుకున్న.

కాన్పు సర్కారు దవాఖానల అయింది. పుట్టంగనే సిస్టర్ పిల్లను తుడిచి తల్లి ఛాతి మీదనే పండబెట్టిందట. గంట గాకముందే రొమ్ము పట్టించిందట. మొదలు వచ్చే చిక్కటి పసుపుపచ్చ పాలే పిల్లకు మొదటి మందు, ఆర్నెల్ల దాంక తల్లి పాలు తప్ప నీళ్ల చుక్క గూడ వద్దు, బొడ్డు మీద ఏం రాయొద్దు, పిల్లను ఎచ్చగ పెట్టాలె, ఇప్పుడే నీళ్లు పొయ్యొద్దు అని చెప్పి పంపింది. కోడలు సూరత్‌లనే పుట్టి పెరిగిన పిల్ల, బడికి పోయిన పిల్ల, అన్ని మతిల పెట్టుకున్నది. నేను ఆ మాటలన్ని దవాఖాన గడపల్నే ఇడిసిపెట్టి వచ్చిన.

రెండోనాడు ఇంటికి రాంగనే పసుపుపచ్చ పాలు చెడ్డవని కోడలితోని పిండి పారబోపిచ్చిన. చక్కెర నీళ్లల్ల బట్ట పేలిక ముంచి పిల్లతోని చప్పరిపిచ్చిన. చలికాలం అది. అయినా పెయ్యంత నూనె రుద్ది, నలుగు పెట్టి, అర్ధగంట నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టిన. పిల్ల పండుకున్నది. తెల్లారి మల్ల గట్లనే చేసిన, మల్ల పండుకున్నది. కోడలు మెల్లగ అడిగింది. "అత్తమ్మా, సిస్టర్ సిర్ఫ్ మా కా దూధ్, తల్లి పాలొక్కటే అన్నది. ఇది రొమ్ము పడ్తలేదు. లేపినా లేస్తలేదు."

"పండుకున్న పిల్లను ఎవరన్న లేపుతరానే? నీ సిస్టర్ ఎంతమందిని కన్నదో అడిగినవా?" అన్న. నవ్వుకుంటనే అన్న. కోడలు పిల్లను తీస్కొని లోపలికి పోయింది. ఆమె నోరు మూయించినందుకు ఆ దినం నాకు గెలిచినట్టే ఉండె.

నాలుగోనాడు పొద్దుగాల ఆశా బెన్ వచ్చింది, బాలెంతల ఇండ్లు తిరిగి చూసేటామె. కొడుకు సచిన్ దిక్కున్న మిల్లుల డ్యూటీకి పోయిండు. "రా బెన్, జర మా బంగారాన్ని చూడు, పుట్టి నాలుగు దినాలైంది, ఒక్కనాడు సతాయించలే," అన్న. రోజుకు ఎన్నిసార్లు పాలు తాగుతున్నదని అడిగింది. ఉచ్చ ఎన్నిసార్లు పోస్తున్నదని అడిగింది. "నిన్నటి నుంచి ఒక్క బట్ట గూడ తడపలే. గంత మంచి పిల్ల!" అని మురుసుకుంట చెప్పిన. బెన్ మొకంల నవ్వు పోయింది. పిల్ల అరికాలును ఏలితోని టక్కున కొట్టింది. పిల్ల మూతి వంకర పెట్టింది, గొంతు మాత్రం ఎల్లలే. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది, పాదాలు పట్టి చూసింది, పక్కనున్న చక్కెర నీళ్ల గిన్నె చూసింది. "బా, ఆ తో ఠండీ పడీ గయీ ఛే!" అన్నది. పెద్దమ్మా, పిల్ల చల్లబడ్డదని. "పాలు పట్టదు, లేపితే లేవది, ఉచ్చ పొయ్యది, ఇది బుద్ధి గాదు బా, బీమారి. చక్కెర నీళ్లతోని పొట్ట నింపి పండబెట్టిన్రు మీరు."

బట్టలన్ని ఇప్పి, పిల్లను కోడలి జాకెట్ లోపల పెయ్యికి పెయ్యి తాకేటట్టు పండబెట్టింది. నెత్తికి టోపీ తొడిగింది, పైనుంచి శాలువ కప్పింది. తల్లి పెయ్యి వేడే ఇప్పుడు దీని పానమన్నది. ఫోన్ చేసి దవాఖాన బండి పిలిపిచ్చింది. బండిల శాలువ జారుతుంటే సవరిద్దామని చెయ్యి సాపిన. "ముట్టకు అత్తమ్మా," అన్నది కోడలు. శానా చిన్నగ అన్నది. సగం పోయిన నా చెవులకు ఆ మాట ఎట్ల ఇనపడ్డదో, ఇనపడ్డది. పది సాంచెలు నడుస్తుంటే ఒక్కటి ఆగినా నాకు ఎరుకయ్యేది. సప్పుడు తగ్గిందంటే యాడనో పోగు తెగిందని ఉరికేదాన్ని. ఇంట్ల పిల్ల సప్పుడు తగ్గితే మాత్రం కూసొని దిష్టి తీసిన.

పిల్ల బతికింది. పదకొండు దినాలు అద్దాల పెట్టెలనో తల్లి ఛాతి మీదనో ఉన్నది, పిండిన పాలు గొట్టంతోని పోసిన్రు. ఇప్పుడు ఆరేండ్లది. మా అందరికంటే గట్టిగ ఒర్రుతది. నాతోని కొట్లాట తెలుగుల షురూ చేస్తది, నాకు మాట అందకుంట గుజరాతీల ఖతం చేస్తది. కోడలు ఆ దినం సంగతి మల్ల ఎన్నడు ఎత్తలే. ఎత్తితే బాగుండు అనిపిస్తది ఒక్కోసారి. నా కథ గింతట్ల అయిపోతే గూడ బాగుండు.

ఆ బండిల దవాఖానకు పోయిన మొదటి దినమే, నేను బయట వరండాల కూసుంటే, ఒక సిస్టర్ కాయితాలు పట్టుకొని వచ్చింది. ఇంట్ల ఇంతకుముందు పసిపిల్లలు ఎవరన్న పోయిన్రా అని అడిగింది. "ఒకడు పోయిండు. నా పెద్దకొడుకు. జోల్వల, సాంచెల షెడ్డు ఎనకాల అర్రల పుట్టిండు. అయిదోనాడు పోయిండు," అన్న.

"ఏమైంది?"

"ఏం కాలే తల్లీ. రోగం లేదు, నొప్పి లేదు. ఏడ్వలే, సతాయించలే. బుద్ధిమంతుడు. పండుకున్నడు, పండుకున్నట్టే..."

సిస్టర్ చేతుల పెన్ను ఆగింది. నా మొకం దిక్కు చూడలే ఆమె. ఏదో రాసుకొని లోపలికి పోయింది.

వానికి గూడ చక్కెర నీళ్లే. నా పాలు గూడ పారబోసినయే. దేవునికి నచ్చిండు, తీస్కపోయిండు అన్నది మా అత్త. అవునేమో అనుకున్న. బాలెంత ఏడిస్తే ఎనక పుట్టేటోళ్లకు మంచిది గాదంటే కండ్ల నీళ్లు గూడ పెట్టలే. బట్టల చుట్టి తీస్కపోయింది మా ఆయన ఒక్కడే. వరండాల కూసొని ఈ సంగతి ఆయనకు చెప్పాలె అనుకున్న, ఆయన పోయి అప్పటికే ఏడాది దాటింది. ఇంక ఎవరికి చెప్పను? దినాలు గడిస్తే దుఃఖం పాతదైతదంటరు. నా కొడుకు పోయి ముప్పై అయిదేండ్లు. వాని కోసం నేను ఏడ్వబట్టి ఆరేండ్లే.