సార్ గోడల మీద

మా సార్ మొన్న మంగళవారం పొద్దున పోయారు. అప్పుడు నా ఆఫీసులో ఒక కుటుంబానికి కొత్త ఇంటి ప్యాకేజీలు వివరిస్తున్నాను. మేమంతా అమ్మా అని పిలిచే సార్ భార్య ఫోన్ చేశారు. "సార్ పోయినాడు పాపా, నువ్వు రా" అన్నారు. అంతే. గోడ మీది తెరలో ఆ కుటుంబానికి కట్టబోయే ఇంటి హాలు రంగురంగులుగా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపకుండానే లేచి బయల్దేరాను.

కాలేజీ క్యాంపస్‌లో మాకు ఆర్కిటెక్చర్ చెప్పిన సార్ ఆయన. అనంతపురం వైపు మనిషి. తార్నాకలో ఒక మందుల షాపు పైన చిన్న ఆఫీసు పెట్టుకుని, పాఠాలు చెబుతూనే ఇళ్లు కట్టించారు. నేను లాలాగూడ రైల్వే క్వార్టర్స్ పిల్లను. మొదటి ఏడాది నా ప్లాను చూసి ఆయన మార్కులు వేయలేదు. హాస్టల్ వెనక మైదానానికి నడిపించి, ముగ్గు పిండి సంచి చేతికిచ్చి, "ఇదే ఇల్లు నేల మీద నిజం కొలతతో ముగ్గు పొయ్ పాపా" అన్నారు. పోశాను. "ఇప్పుడు మీ అమ్మ మాదిరి పొద్దున్నే లేసి టీ పెట్టు" అన్నారు. వంటింటి తలుపు తెరిస్తే ఫ్రిజ్‌కు తగులుతుందని నాకు అక్కడ తెలిసింది. క్లాసంతా పగలబడి నవ్వింది. సార్ నవ్వలేదు. "కాగితం మీద అందరం మంచోళ్లమే" అన్నారు.

ఇల్లు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లకూ ఇదే శిక్ష. పునాది తవ్వే ముందు మేస్త్రీలు ఎలాగూ ముగ్గు పోస్తారు. సార్ ప్లాను ఖాయం కాకముందే పోయించేవారు. ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ ఆ గీతల మధ్య మసలాలి. ముసలమ్మ తన గదిలో చాప పరుచుకుని పడుకోవాలి. ఎవరైనా గీత తొక్కితే "గోడలోంచి పోతాండావు సామీ" అని ఆపేవారు. వాళ్లు వద్దన్న గోడను అక్కడికక్కడే కాలితో చెరిపేసేవారు. తాను కట్టించిన ఏ ఇంటికి భోజనానికి పిలిచినా సార్ ముందు కిటికీలు తెరిచి చూడాల్సిందే. అన్నం చల్లారిపోతోందని అమ్మ కసురుకునేవారు.

ఆ రోజుల్లో ఆర్కిటెక్టు కూడా డాక్టరులాంటివాడే. అవసరమున్నవాళ్లు వెతుక్కుంటూ రావాలి, మనం పిలవకూడదు. తర్వాత బిల్డర్లు వచ్చి ప్లాను ఉచితమన్నారు. డ్రాయింగు బల్ల పోయి కంప్యూటర్ వచ్చింది, సార్ అదీ నేర్చుకున్నారు. తన గురించి తాను చెప్పుకోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. తార్నాక ఆఫీసు మూసేస్తున్న రోజు వెళ్లి, "నేను చేరతాను సార్, మళ్లీ నిలబెడదాం" అన్నాను. "వద్దు పాపా. నా దగ్గర చేరితే నువ్వు గూడా ఇట్లే తాళం ఏసుకుంటావు. కంపెనీ పెట్టు. దాంట్లో తప్పేం లేదు" అన్నారు.

పెట్టాను. డిజైన్ నుంచి పరదాల దాకా అన్నీ మేమే. ప్రకటనలు, రీల్స్, సేల్స్ టీమ్, అన్ని హంగులూ ఉన్నాయి. ముగ్గు మాత్రం వదల్లేదు. "త్రీడీల అంతా కనవడ్తనే ఉన్నది గద మేడమ్, ముగ్గేంది? ఒక సాయంత్రమంత ఖరాబైతది" అని మా మేనేజర్ ఇప్పటికీ గొణుగుతాడు. గొణగనీ.

కానీ సార్ నన్ను ఎవరికి పరిచయం చేసినా "మా పాప. కంపెనీ నడుపుతాది" అనేవారు. ఆర్కిటెక్ట్ అని ఒక్కసారీ అనలేదు. క్యాంపస్‌లో పొద్దుటి నడకలో కలిసిన ప్రతివాళ్లకూ అదే మాట. నాకు ప్రతిసారీ లోపల చివుక్కుమనేది. నేనింకా ఆర్కిటెక్టునేనా సార్, అని అడగాలనుకునేదాన్ని. ఏమంటారోనని భయం. ఇక అడగడానికి మనిషే లేడు. ఆ మంగళవారం సార్ ఇంట్లో, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని నేను ఏడ్చిన ఏడుపులో సగం అదే.

అప్పుడే లాలాపేట్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. దండ వేసి, అమ్మను ఏదో అడిగి, నా దగ్గరికి వచ్చారు.

"కంపెనీ నడిపే మేడం నువ్వేనా బిడ్డా?"

తలూపాను.

"మా ఇల్లు సారే కట్టిచ్చిండు. పైన ఇంకో అంతస్తు ఏస్కుంట అని మొన్నీమధ్య ఫోన్ జేసిన. నాతోని కాదన్నడు. మరి వేరే ఆర్కిటెక్ట్‌ను చూస్కుంట అంటే గరమైండు. నా గోడల మీద మా పాప తప్ప ఇంకెవ్వరు చెయ్యి పెట్టొద్దు అన్నడు."

నాకు ఏడుపు ఆగలేదు.

నిన్న సాయంత్రం లాలాపేట్‌లో ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. డాబా మీద, పై అంతస్తు కోసం సార్ వదిలిపెట్టిన పిల్లర్ చువ్వలు మూలమూలనా నిలబడి ఉన్నాయి. తుప్పు పట్టకుండా అప్పట్లోనే సిమెంటు పాలు పూయించారట. ఇంటివాళ్లు వాటికి తాళ్లు కట్టి బట్టలు ఆరేసుకుంటున్నారు. కోడలు వచ్చి "తీసేస్త మేడం" అని గబగబా లాగబోయింది. వద్దన్నాను. ఒక చువ్వను పట్టుకుని నిలబడ్డాను. పగలంతా ఎండకు కాగి ఇంకా వెచ్చగా ఉంది. పక్కనున్న తడి చీర గాలికి వచ్చి వచ్చి ముఖానికి తగులుతోంది. ముఖం తుడుచుకోవాలనిపించలేదు.