తాతయ్య ఏమీ రాయని ఆదివారం

మా తాతయ్య జీవితమంతా జనాన్ని పైకి పంపడంలో, కిందికి దించడంలో గడిచిపోయింది. మొదటి ఇరవై ఎనిమిదేళ్ళు పురపాలక ఆఫీసులో లిఫ్టు నడిపాడు. ఎక్కే ప్రతి మనిషికీ "తలుపు దగ్గర చెయ్యి జాగ్రత్త" అని చెప్పేవాడు. అన్నేళ్ళలో తలుపులో చెయ్యి నలిగింది ఒక్కరికే. అది తాతయ్యకే. ఆ తర్వాత మీట నొక్కితే తనంతట తనే నడిచే లిఫ్టు వచ్చింది. తాతయ్యను కొండదారి మొదట్లో ఉన్న చెక్కగదికి మార్చారు.

పని చిన్నదే. పొద్దున్నే మొదటి మలుపు దాకా ఎక్కి, గాలి చూసి, చలి చూసి, మంచులో కర్ర గుచ్చి చూసి, దిగివచ్చి నల్లబోర్డు మీద రాయాలి. ఎక్కేవాళ్ళు చదువుకుని వెళ్తారు. దారి మూసే అధికారం మాత్రం తాతయ్యకు లేదు. దానికి కాగితం కావాలి, కాగితం మీద సంతకం కావాలి. సంతకం పెట్టే మనిషి ఆదివారం రాడు.

నడి చలికాలంలో ఈ పనిలో ఇబ్బంది లేదు. కొండ చూడగానే భయం వేస్తుంది, బుద్ధున్నవాడు ఎక్కడు. చిక్కంతా చలి తగ్గి ఎండ మొదలయ్యే ఆ నెలన్నరలోనే. కింద చొక్కా చేతులు మడుచుకునేంత ఎండ. పైన నీడవైపు వాలు మీద చలికాలం ఇంకా ఖాళీ చేయని అద్దె మనిషిలా కూర్చునే ఉంటుంది. పొద్దున్న మంచు గాజులా గట్టిగా ఉండి కాలు జారుతుంది. మధ్యాహ్నానికి మెత్తబడి మోకాలి దాకా మింగుతుంది. శిఖరం మీద టోపీ ఎగిరిందంటే పక్కలోయలో వెతుక్కోవాలి.

ఇవన్నీ తాతయ్యకు కొట్టినపిండి. రాయడం దగ్గరే వచ్చింది తంటా. కొత్తలో "జాగ్రత్త" అని రాశాడు. ఎవరూ పట్టించుకోలేదని "ప్రమాదం" అన్నాడు. అదీ పాతబడితే "చాలా ప్రమాదం". ఆపైన దాని కింద ఒక గీత, తర్వాత రెండు గీతలు. నాలుగు చినుకులు పడినా రెండు గీతలే. వారం వారం వచ్చేవాళ్ళు లెక్క కట్టేసుకున్నారు. గీత లేకపోతే నల్లకళ్ళజోడు, ఒక గీతకు స్వెట్టరు, రెండు గీతలకు గొడుగు.

"పెళ్ళైన కొత్తలో వంటింట్లోకొచ్చి, పొయ్యి వేడిగా ఉంటుంది జాగ్రత్త అన్నాడు. ఆ రోజు నుంచే ఈయన మాట వినడం మానేశాను" అనేది అమ్మమ్మ.

ఆ ఏడాది నేను బడికి రెండోసారి స్వస్తి చెప్పి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ ఉన్నాను కాబట్టి, తాతయ్య వెంట తిరిగేదాన్ని. ఒక ఆదివారానికి ముందు మూడు రాత్రులు వెచ్చటి గాలి వీచింది. రాత్రుళ్ళు గడ్డకట్టనే లేదు. ఆ ఆదివారం పొద్దున ఏడింటికి మొదటి మలుపు దగ్గర తాతయ్య కర్ర గుచ్చాడు. జానెడు మేర గట్టిగా తగిలింది. ఆపైన అడ్డేమీ లేనట్టు, పట్టుకున్న చేతితో సహా మోచేతి దాకా దిగిపోయింది. కాళ్ళ కింద ఎక్కడో "ఢబ్" అంది. మంచు మీద సన్నటి పగులు ఒకటి, పింగాణీ పళ్ళెం మీద పాకినట్టు, మా ముందు నుంచి పాకుతూ పోయింది.

తాతయ్య నా కోటు కాలరు పట్టుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిపించాడు. జాగ్రత్త అనలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

"నీడవైపు వాలు మీద కూడా తొమ్మిదికి ఎండ పడుతుంది. పదకొండు లోపల వాలంతా కిందికొస్తుంది" అన్నాడు దిగుతూ.

"దారి దాని కిందనుంచే కదా?"

"దాని కిందనుంచే."

ప్రతి ఆదివారం ఎనిమిదింటికి పళ్ళ డాక్టరు పది మందిని వెంటేసుకుని వస్తాడు. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా అందరూ సరిగ్గా ఆ వాలు కిందే ఉంటారు.

తాతయ్య బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. "చాలా ప్రమాదం" అని రాశాడు. చెరిపేశాడు.

"ఇది నిన్న రాశాను. మొన్న కూడా రాశాను."

"చస్తారు అని రాయి తాతయ్యా."

"కిందటేడే రాశాను."

"ఎప్పుడు?"

"పొగమంచు పట్టినప్పుడు."

"పోనీ దారికి అడ్డంగా నిలబడు."

"పోయిన నెల నిలబడ్డానే! ఆ డాక్టరు నా భుజం తట్టి, చలిగా ఉంది లోపల కూర్చోండి తాతగారూ అని, కుర్చీ వేసి, చేతిలో బిస్కెట్టు పెట్టి మరీ వెళ్ళాడు."

బోర్డు తడిగుడ్డతో తుడిచి, ఇంకా పెద్ద మాట ఆలోచించడానికి గదిలోకి వచ్చి కూర్చున్నాడు. నేనూ ఆలోచించాను. చదువుకోనందుకు మొదటిసారి సిగ్గేసింది. అంతలోనే బయట బూట్ల చప్పుడు వినిపించింది.

చెక్కల సందులోంచి చూశాం. పళ్ళ డాక్టరు నవ్వుతూ వచ్చాడు, చదవడానికి గొంతు సవరించుకున్నాడు, ఆగిపోయాడు. పదకొండు మందీ ఖాళీ బోర్డు వైపు చూస్తూ నిలబడ్డారు. పన్నెండేళ్ళలో అది ఖాళీగా ఉండటం వాళ్ళెవరూ చూడలేదు. డాక్టరు నెమ్మదిగా టోపీ తీశాడు.

"అయ్యో. ఎప్పుడు పోయారో పాపం."

"నిన్న కూడా రెండు గీతలు పెట్టాడండీ."

"రెండో గీత వంకరగా ఉంది. అప్పుడే అనుకున్నా."

"ఇలాంటప్పుడు కొండెక్కితే ఏం బాగుంటుంది? ఇల్లెక్కడో తెలుసా?"

"రొట్టెల కొట్టు పక్క సందు."

తాతయ్య చెయ్యి తలుపు గడియ మీదికి పోయింది. నేను పట్టుకుని ఆపాను.

"బతికున్నానని చెప్పొద్దటే?" అన్నాడు గుసగుసగా.

"చెప్పు. హమ్మయ్య అనుకుని కొండెక్కుతారు."

తాతయ్య చెయ్యి తీసేశాడు. "ఎంతసేపూ?"

"పదకొండు దాకా చచ్చి ఉండు తాతయ్యా."

పావుగంటకు అమ్మమ్మ ఫోను చేసింది. "ఇక్కడ పదకొండు మంది టోపీలు తీసి కూర్చున్నారు. నువ్వు పోయావట. నిజమేనా?"

"ఇంకా లేదు. వాళ్ళను పదకొండు దాకా కదలనివ్వకు. వాలు జారుతుంది."

"ఎలా పోయావని అడిగితే?"

"నీ ఇష్టం."

"అలాగే" అని అమ్మమ్మ పెట్టేసింది. ఆవిడ ఏడవలేదట, కాదని చెప్పనూ లేదట. అందరికీ టీ పోసి, "వస్తారు, తీసుకొస్తున్నారు" అని మాత్రం చెప్పిందట.

పది దాటి ఇరవై నిమిషాలకు వాలు కదిలింది. ముందు చప్పుడు లేదు. తెల్లటి గోడ ఒకటి నిలువునా కూలబడినట్టయింది. ఆ తర్వాత, వంద లారీలు ఒక్కసారే కంకర గుమ్మరించినట్టు మోత. మంచుపొడి తగ్గాక చూస్తే దారి ఉన్నచోట దారి లేదు. అడ్డంగా మనిషి ఎత్తున మంచు పేరుకుని ఉంది.

తాతయ్య చాలాసేపు చూశాడు. కోటు బొత్తాలు పెట్టుకుని, "ఇక బతకొచ్చు, పద" అన్నాడు.

మేము ఇంట్లోకి అడుగుపెట్టేసరికి పళ్ళ డాక్టరు లేచి నిలబడి, తాతయ్య చేతిరాత ఎంత ముచ్చటగా ఉండేదో చెబుతున్నాడు. తాతయ్యను చూసి మాట మింగాడు. డాక్టరు దగ్గరికొచ్చి, తనకు తెలిసిన వైద్యం అదే కాబట్టి, తాతయ్యను నోరు తెరవమన్నాడు. తాతయ్య తెరిచాడు.

"మరి బోర్డు మీద ఏమీ రాయలేదేంటి తాతగారూ?"

"ఏం రాస్తే ఆగేవాళ్ళు?"

కిటికీ పక్కనున్నాయన, "ఇందాక ఆ మోత... మా దారి మీదేనా?" అన్నాడు.

"మీరు ఉండాల్సిన చోటే."

డాక్టరు మళ్ళీ కూర్చున్నాడు. అమ్మమ్మ అడక్కుండానే అతని కప్పు నింపింది.

సోమవారం బోర్డు మీద ప్రమాదం అన్న మాట లేదు, గీతలూ లేవు. "రాత్రి గడ్డకట్టలేదు. కర్ర మోచేతి దాకా దిగింది, కింద బోలు. నీడవైపు వాలు సగం జారింది. మిగతా సగం పైనే ఉంది" అని రాసి సుద్దముక్క కింద పెట్టాడు. పళ్ళ డాక్టరు ఆస్పత్రి తలుపులు తెరవకుండా అక్కడికొచ్చాడు. ఒకసారి చదివాడు, మళ్ళీ చదివాడు.

"సగం అంటే ఎటువైపు సగం?" అని అడిగాడు.

పన్నెండేళ్ళలో ఆ బోర్డు చదివి ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. తాతయ్య కర్రతో నేల మీద కొండ గీశాడు, వాలు గీశాడు, ఎండ ఎటునుంచి వస్తుందో గీశాడు. ఆ రోజు ఇంటికి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఎందుకని అమ్మమ్మ అడిగితే, పని ఎక్కువైందన్నాడు.