వద్దన్న కిచిడీ

2004 డిసెంబరు ఆఖరి వారంలో నాకు మా దీవిలోనే డెలానీపూర్‌లోని ఒక స్కూల్లో పెట్టిన సునామీ సహాయ శిబిరానికి డ్యూటీ వేశారు. అప్పటికి నేను ప్రాథమిక పాఠశాల తెలుగు మాస్టర్ని. శిబిరంలో నా హోదా, ఇన్‌చార్జిగారి సహాయకుడికి సహాయకుడు. నా అధీనంలో ఉన్నది ఒక్క ఈల. అది ఊదితే లంబాలైన్ విమానాశ్రయంలో దిగబోయే విమానాలు కూడా గాలిలో ఆగి చూసేవని నా నమ్మకం.

నా పని పిల్లల పంక్తి నడపడం. ఈల వినగానే పిల్లలు వరండాలో బారుగా కూర్చోవాలి. కిచిడీ బకెట్టు ఈ చివర బయలుదేరి ఆ చివర తేలుతుంది. ఒకటే ట్రిప్పు, వెనక్కి రావడం రూల్సులో లేదు. వడ్డించేవాడు సుఖ్‌రామ్. రాంచీ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబంలో కుర్రాడు, వాలంటీరు. వాడి గరిటె పడవ తెడ్డంత, మనసు పడవంత.

రెండో రోజు ఒక వింత కనిపెట్టాను. సిప్పీఘాట్‌లో ఇళ్ళు మునిగి వచ్చిన మన తెలుగు పిల్లలు ఒక మూల కూర్చునేవారు. గరిటె దగ్గరికి రాగానే పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టి, "నహీ భయ్యా, ఖా లియా" అని, తినేసినట్టు చెప్పేవారు. సుఖ్‌రామ్ "అచ్ఛా" అని ముందుకు పోయేవాడు. వీళ్ళ తలలు మాత్రం పొద్దుతిరుగుడు పువ్వుల్లా బకెట్టు వెంటే తిరిగేవి. జబ్బేమోనని డాక్టరుగారికి చూపించాను. ఇంత శుభ్రమైన నాలుకలు తన సర్వీసులోనే చూడలేదన్నారు. కిచిడీ బాగాలేదేమోనని నేనే తిన్నాను. పరిశోధన పక్కాగా ఉండాలని రెండుసార్లు తిన్నాను. లోపమేమీ లేదు.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర అప్పలకొండ అనే ఆరేళ్ళవాడు కళ్ళు తిరిగి పడిపోయాడు. కడుపులో నీళ్ళు తప్ప ఏమీ లేవన్నారు డాక్టరుగారు. ఎవరో బతిమాలి చేతిలో పెట్టిన బిస్కట్లతో నెట్టుకొచ్చారట అందరూ. వాడి అక్క మంగని పిలిచి, తినకుండానే తిన్నామని ఎందుకు చెబుతున్నారే అని అడిగాను.

"ఆ భయ్యా మళ్ళీ అడగట్లేదు కదండి, మాస్టారూ!"

"ఎన్నిసార్లు అడగాలేం?"

"మూడోసారికి పుచ్చుకోవాలంది నాన్నమ్మ. ముందే పుచ్చుకుంతే కక్కుర్తంట. తొడపాశం ఎడతాది."

ఈ నాన్నమ్మ పేరు పైడమ్మ. సిప్పీఘాట్‌లో వాళ్ళ ఇళ్ళ వరసలోని పిల్లలందరికీ ఆవిడే నడవడిక నేర్పే విశ్వవిద్యాలయం, తొడపాశమే పాఠ్యపుస్తకం. పెద్దలొస్తే లేవాలి, కూర్చుని కాళ్ళూపకూడదు, పరాయివాళ్ళు పెడితే రెండుసార్లు వద్దనాలి. ఆవిడ తినేది ఆడవాళ్ళ పంక్తిలో. అక్కడ ఒకరినొకరు బలవంతపెట్టేవాళ్ళకి కరువులేదు కాబట్టి, పిల్లలు పస్తుంటున్న సంగతి ఆవిడకి తెలియనే తెలియదు.

మనవడు ఎందుకు పడిపోయాడో ఆవిడకి చెప్పాను. శిబిరం ఉన్నన్నాళ్ళూ ఆ నియమం కాస్త సడలించమన్నాను.

"సముద్రం ఇల్లట్టుకుపోనాది. మరియాద కూడా అట్టుకుపొమ్మంతావేటి, బాబూ? ఆ కుర్రోడికి అడగడం ఎవులూ నేర్పనేదు. పద."

తిన్నగా సుఖ్‌రామ్ దగ్గరికెళ్ళి, మూడుసార్లు అడగాలనీ మూడోసారి కోప్పడాలనీ తన హిందీలో పాఠం మొదలుపెట్టింది. "బేటా, ఏక్ బార్ నై. తీన్ బార్ పూఛో. తీస్రా బార్ గుస్సా కరో."

పిల్లలు వద్దంటుంటే బలవంతం ఎలా చేసేదని వాడు నావైపు తిరిగాడు. "మాస్టర్‌జీ, బచ్చా నా బోలా, తో జబర్దస్తీ కైసే కరూఁ?"

మావాళ్ళ లెక్కలో మొదటి రెండు 'నా'లూ నమస్కారాలేనని వివరించాను. వాడు పైడమ్మ చేతివేళ్ళ వంక చూసి, వెంటనే ఒప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం రెండుసార్లు మెల్లగా అడిగి, మూడోసారి "ఖా లే రే!" అని గర్జించాడు. రేవులో ఓడలు ఉలిక్కిపడి లంగర్లు సర్దుకున్నాయి. అప్పలకొండ రెండు చేతులా పళ్ళెం చాపాడు. వాడు తిన్నది మామూలు తిండి కాదు. బకెట్టు అడుగు కనబడింది.

ఆ గర్జన సరదా చూసి, మర్నాటి నుంచి బెంగాలీ, తమిళ, రాంచీ పిల్లలు కూడా వద్దనడం మొదలుపెట్టారు. భోజనాలు సాయంత్రం టీలను తాకాయి. సుఖ్‌రామ్ గొంతు పోయింది. పైడమ్మ బకెట్టు పక్కన స్టూలేసుకుని మూడో పిలుపు తనే పిలిచేది. ఇన్‌చార్జిగారు నన్ను సంజాయిషీ అడిగారు. చెప్పబోతే వద్దన్నారు. మళ్ళీ అడుగుతారేమోనని చూశాను, అడగలేదు.

వద్దనడం మర్యాదలో సగమే. మళ్ళీ అడిగేవాడు లేనిచోట ఆ సగం పస్తు పెడుతుంది. అందుకే మిగిలిన సర్వీసంతా నీతిబోధ పీరియడులో పిల్లల్ని ఇద్దరిద్దరిగా నిలబెట్టాను. ఒకరు వద్దనాలి, రెండోవారు మళ్ళీ అడగాలి. మార్కులు అడిగినవాడికే ఎక్కువ వేసేవాణ్ణి.