బూరుగుదూది ఐస్‌బాక్స్

1983 వానాకాలం. హనుమకొండ చౌరస్తా దగ్గర నాకు చిన్న ఫ్రిజ్ రిపేరు షాపు ఉండేది. ఫ్రిజ్ అనగానే అందరూ కంప్రెసర్ గురించే అడుగుతారు. నా దృష్టిలో దాని ప్రాణం గోడల్లో ఉంటుంది. బయటి వేడి లోపలికి రాకుండా గోడల మధ్య నింపేదాన్ని ఇన్సులేషన్ అంటాం. అప్పటికే దానికి థర్మాకోల్ వాడకం బాగా పెరిగింది.

ములుగు అవతల ఒక ఆరోగ్య కేంద్రానికి ఫ్రిజ్ బాగుచేయడానికి వెళ్లాను. అక్కడి నర్సు సుశీల మూలన పడేసిన థర్మాకోల్ పెట్టెలు చూపించింది. పోలియో చుక్కల మందును ఐస్‌లో పెట్టి అడవి పల్లెలకు తీసుకుపోయే పెట్టెలవి. ఒకదాని మూత విరిగింది, ఇంకోదాన్ని ఎలుకలు కొరికాయి.

"జీపు కుదుపులకు బిస్కెట్ల లెక్క ఇరుగుతున్నయ్ అన్నా. కొత్తయి ఎప్పుడొస్తయో తెల్వది. ఇరగని పెట్టె ఒకటి చేసియ్యరాదే?"

విరగకూడదంటే రేకు పెట్టె కావాలి. రెండు రేకు గోడల మధ్య ఏం నింపాలన్నదే ప్రశ్న. ములుగు బజారులో అడవి నుంచి తెచ్చి అమ్ముతున్న బూరుగుదూది చూశాక జవాబు దొరికిందనిపించింది. దాని ప్రతి పోగులోనూ గాలి ఉంటుంది. వేడిని ఆపేది కదలని గాలే. పైగా మామూలు దూదిలా నీళ్లు పీల్చదు.

షాపులో బల్లమీద మొదటి పెట్టె బాగా పనిచేసింది. పొద్దున వేసిన ఐస్ సాయంత్రానికీ మిగిలింది. కానీ స్కూటర్‌కు కట్టి మడికొండ దాకా వెళ్లొచ్చేసరికి దూదంతా అడుక్కు కుంగి, గోడల పై భాగం డొల్లయింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే నా స్నేహితుడు కొమురయ్య దగ్గరికి పట్టుకెళ్లాను. ఇద్దరం గోనెగుడ్డలో దూది పరిచి, గళ్లుగళ్లుగా కుట్టి, పరుపుల్లాంటి పలకలు చేశాం. ఆయన గట్టిగా బిగిస్తానంటాడు. బిగిస్తే గాలి పోతుందని నేను. వదులుగా కుడితే కుంగుతుందని ఆయన. ఎన్ని పలకలు కుట్టి విప్పామో! చివరికి కుంగనిది ఒకటి కుదిరింది. దాన్ని రేకుల మధ్య పెట్టి అంచులకు టంకం వేశాను.

ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు జాగ్రత్త మనిషి. "మందు థర్మాకోల్ పెట్టెలోనే పోతుంది. మీ పెట్టెలో ఐస్, థర్మామీటర్ మాత్రం పెట్టి పక్కన తీసుకుపోండి, చూద్దాం" అన్నారు. అలా ఒక ఉదయం ఒక అడవి పల్లెకు జీపులో నేనూ, సుశీలా, డ్రైవరూ, రెండు పెట్టెలూ బయలుదేరాం.

సగం దూరం పోయాక జీపు ఒక గుంతలో దిగి ఎగిరింది. వెనకున్న స్టెప్నీ టైరు దొర్లి థర్మాకోల్ పెట్టె మీద పడింది. పెట్టె రెండు ముక్కలైంది. ఐస్ చెల్లాచెదురైంది. సుశీల సీసాలు ఏరి ఒడిలో వేసుకుంది. ఒక్కటీ పగల్లేదు, ఇంకా చల్లగానే ఉన్నాయి.

"నీ పెట్టెల సల్లదనం ఆగుతదా అన్నా?"

"బల్లమీద పొద్దుందాక ఆగింది. గీ తొవ్వల ఎంతసేపు ఆగుతదో నాకే తెల్వదు."

ఆమె ఒడిలోని సీసాలు చూసుకుంది. "పోయినసారి జీపు రాక నేను రాలె. ఇప్పుడు మనం పోయే ఊరోళ్లు పొద్దంత ఎదురుచూసిన్రట. తర్వాత ఆ ఊర్ల ఒక పిల్లగానికి కాలు పడిపోయింది. ఇయ్యాల వాపసు పోతె మల్ల నా మాట ఎవ్వలింటరు?" అని సీసాలను నా పెట్టెలోకి మార్చి మూత బిగించింది. "పోనియ్యి" అంది డ్రైవరుతో.

ఊరి ముందు వాగు పొంగి ఉంది. నీళ్లు తగ్గేదాకా ఆగక తప్పలేదు. మబ్బు విడిపోయి ఎండ కాసింది. లోపల ఎంతుందో చూడాలని నా చేయి మూతమీదికి పోయింది. సుశీల ఆ చేయి పట్టుకుంది. "తెరిస్తె వేడి లోపటికి పోతది. జర ఓపిక పట్టు."

తెరవకుండా నేను చేయగలిగింది ఒక్కటే. పెట్టె చుట్టూ అరచేత్తో తడిమాను. ఇన్సులేషన్ బాగుంటే బయటి రేకు వెచ్చగానే ఉంటుంది. మూడు వైపులా అలాగే ఉంది. నాలుగో వైపు ఒక మూల చల్లగా తగిలింది, రేకు మీద చెమట పట్టింది. కుదుపులకు టంకం పగిలి, కరిగిన ఐస్ నీళ్లు గోడలోకి దిగాయన్నమాట. గోనెగుడ్డ తడిసిందంటే అక్కడ గోడ లేనట్టే. 

దాచకుండా ఆమెకు చెప్పేశాను. సుశీల తన శాలువా మడతపెట్టి ఆ మూలకు కట్టింది. పెట్టెను జీపు నీడలోకి జరిపాం. వాగు మోకాలి లోతుకు తగ్గాక అవతలి ఒడ్డు నుంచి ఒకాయన వచ్చి పెట్టెను నెత్తిన పెట్టుకుని దాటించాడు. ఆయన కాలు జారినప్పుడల్లా వెనకనుంచి పెట్టెకు చేయి ఆనించాను.

ఊళ్లో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. సుశీల మూత తీసింది. నీళ్లలో చిన్న ఐస్ ముక్కలు తేలుతున్నాయి. మందుకు ఎనిమిది డిగ్రీలు హద్దు. పాదరసం దానికి కాస్త కిందనే ఉంది.

"తొందరగ రాండ్రి!"

ఒక్కో సీసా తీసి వెంటనే మూత మూస్తూ, పిల్లల నోట్లో చుక్కలు వేసుకుంటూ పోయింది. నేను ప్రతిసారీ థర్మామీటర్ చూసి చెబుతున్నాను. ఐస్ పూర్తిగా కరిగింది. వరుస చివరికి వస్తుండగా పాదరసం హద్దు దాటింది. చెప్పాను. సుశీల చేయి ఆగిపోయింది.

ఎదురుగా లచ్చవ్వ అనే ఆమె, చంకలో ఆడపిల్ల. వెనక ఇంకా కొందరు.

"సీసల మందున్నది గద నర్సమ్మా, జర ఎయ్యరాదు?"

"ఉన్నది గని పెట్టె మూలకెల్లి సల్లదనం బయటికి పోయి వేడైంది అవ్వా. పనిచేస్తదో లేదో నాకు తెల్వదు. తెల్వని మందు ఏసి, నీ బిడ్డకు ఫికర్ లేదని ఎట్ల చెప్పాలె?"

"గంత దూరం తెచ్చి పారేస్తరా?"

సుశీల మిగిలిన సీసాలు పక్కకు తీసి పెట్టింది. వచ్చే వారం తప్పక వస్తానంది. లచ్చవ్వ బిడ్డను సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ వారమంతా నేనూ కొమురయ్యా పెట్టె పని మీదే కూర్చున్నాం. టంకం ఒక్కదాన్నే నమ్మకుండా రేకు అంచులు మడిచి కొట్టాం. గోనెగుడ్డకు లోపలివైపు తారు పూశాం. ఈసారి బల్లమీద పరీక్ష పెట్టలేదు. అదే తొవ్వలో జీపులో తిప్పి, తెచ్చి విప్పి చూశాం. దూది పొడిగా ఉంది. ఆ తర్వాత ఎన్ని పెట్టెలు చేసినా, వాడబోయే దారిలో తిప్పకుండా ఒక్కటీ ఎవరి చేతికీ ఇవ్వలేదు. వస్తువు బాగుందని చెప్పాల్సింది దాన్ని చేసిన బల్ల కాదు, అది పోయే దారి అని ఆ వాగు ఒడ్డున నాకు తెలిసింది.

వారం తర్వాత వెళ్లేసరికి లచ్చవ్వ అందరికంటే ముందు నిలబడి ఉంది. సుశీల మూత తీయబోతుంటే ఆగమని చేయి అడ్డం పెట్టింది. పెట్టె నాలుగు మూలలూ తడిమి, నా వైపు చూసి అడిగింది.

"ఇయ్యాల సల్లదనం లోపట్నే ఉన్నదా?"

"లోపట్నే ఉన్నది అవ్వా" అన్నాను.

అప్పుడు బిడ్డ నోరు తెరిపించింది.