పొగ రావడం లేదన్నాను

పూతలపట్టులో ఆపాల్సిన చోటు దాటిపోయానని కండక్టర్ విజిల్ ఊదితే గాని నాకు తెలియలేదు. అప్పటికి వారంగా తలనొప్పి. బస్సు ఆపి, దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క మా చిత్తూరు–తిరుపతి బస్సులు వెనక కట్టిన పొయ్యిలో బొగ్గు కాలిస్తే వచ్చే గ్యాసుతో నడిచేవి. నేను తోలుతున్న బస్సు అంతకుముందు మునిరత్నం తోలినది. గొట్టం లీకై గ్యాసు సీటు దగ్గరికి వస్తోందని, తల తిరుగుతోందని అతను యజమానికి చెప్పాడు. బస్సుల రిపేర్లు చూసే షెడ్డు మేస్త్రీకి, తన పని మీదే ఫిర్యాదని కోపం వచ్చింది. మాకు మంచి బస్సు కావాలన్నా, సెలవు కావాలన్నా మేస్త్రీ దయే. యజమాని నన్ను పిలిచి అడిగినప్పుడు మేస్త్రీ పక్కనే నిలబడి ఉన్నాడు.

"పొగా గిగా ఏమీ రాలేదయ్యా. పని తప్పించుకునేదానికి చెప్తా ఉండాడు" అన్నాను. ముందురోజే ఆ బస్సును స్టాండుకు తెచ్చినప్పుడు నా కళ్లు మండాయి.

మునిరత్నాన్ని దింపి బొగ్గు కొట్టే పనిలో పెట్టారు. నెల తిరక్కుండా అతను మానేసి సొంత ఊరు ఐరాల వెళ్లిపోయాడు. బస్సు నాకిచ్చారు.

పూతలపట్టులో వాంతి చేసుకున్న రోజు నన్ను ఆస్పత్రికి తీసుకుపోయారు. డాక్టరు బ్లడ్ టెస్ట్ చేయించి, "కార్బన్ మోనాక్సైడ్ పాయిజనింగ్. మెదడుకు ఆక్సిజన్ అందలేదు. నెల రోజులు రెస్టు" అన్నాడు. మేస్త్రీ నా స్థానంలో ఇంకొకరిని పెడతాడన్న భయంతో పన్నెండో రోజే పనికి పోయాను. బొగ్గు అంటించి, గాలి కొట్టే బ్లోయరు తిప్పుతూ స్పృహ తప్పి పడిపోయాను.

ఈసారి యజమాని ఆస్పత్రికి వచ్చాడు. జీతం ఆపనన్నాడు. గొట్టాలన్నీ మార్పించానన్నాడు. తర్వాత మెల్లగా, "మునిరత్నం చెప్పినప్పుడు నిన్నే పిలిచి అడిగినా గదప్పా. ఉన్నది ఉన్నట్టు చెప్పింటే ఆ పొద్దే మార్పించింటాను" అన్నాడు.

లేచి తిరగడానికి మూడు నెలలు పట్టింది. ఐరాల వెళ్లాను. మునిరత్నం చెనక్కాయ చేలో కలుపు తీస్తున్నాడు. తప్పు చేశానన్నాను. అతను ఇంకో గడ్డిమొక్క పీకి గట్టున పడేశాడు.

"తలనొప్పి ఎప్పుడో పోయిందిలేప్పా. సోమరిపోతని పడిన పేరే పోలేదు" అన్నాడు.

యజమాని అతన్ని మళ్లీ పనిలోకి రమ్మన్నాడని చెప్పినా అతను రాలేదు.

ఇప్పుడు పెట్రోలు దొరుకుతోంది. ఆ గ్యాసు వల్ల నా వేళ్లకు వచ్చిన వణుకు మాత్రం తగ్గలేదు, అందుకే స్టీరింగు పట్టను. తిరుపతి స్టాండులో టికెట్లు రాస్తున్నాను. తెలిసినవాళ్ల పేర్లు కూడా ఒక్కోసారి గుర్తుకు రావు. మీరు పనిచేసే చోట ఎవరైనా తల తిరుగుతోందంటే, నిజం చెబితే ఎవరికి కోపం వస్తుందోనని ఆలోచించకండి. అతను కూర్చునే చోట మీరు కాసేపు కూర్చోండి. మీకు ఏమనిపించిందో అదే పైవాళ్లకు చెప్పండి.