విశ్వకర్మ పూజకి నింపిన బ్రేకు ఆయిలు

మొన్న ఆదివారం పొద్దున్న బిర్సానగర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి మనవరాలు తన కారు ముందు బానెట్టు ఎత్తిపెట్టి, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఏదో సీసా పట్టుకుని నిలబడి ఉంది. ఏమిటే అంటే, కారులో ఎర్ర దీపం వెలుగుతోందట, బ్రేకు ఆయిలు తగ్గితే అలా వెలుగుతుందని ఫోను చెప్పిందట, వాళ్ళ నాన్న మోటారుసైకిలుకి తెచ్చిన ఇంజను ఆయిలు కాస్త మిగిలి ఉంటే అదే పోసేస్తోందట. నేను తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెప్పడం మా ఇంట్లో మామూలే. "ఆయిల్ తో ఆయిల్ హీ హై నా, అమ్మమ్మా" అని నవ్వింది. ఆయిలంటే ఆయిలే కదా అని దాని ధీమా.

నేను కాఫీ గ్లాసు ఆ ఇంజను మీదే పెట్టేసి సీసా లాక్కున్నాను. తరవాత వెళ్ళి గుమ్మం మెట్టు మీద కూలబడ్డాను. పిల్ల కంగారుపడి నీళ్ళు తెచ్చింది, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగింది. వర్క్‌షాపు నుంచి మనిషి వచ్చి, బ్రేకు ప్యాడ్లు అరిగితేనే ఆయిలు కిందికి దిగిందని చూపించి, అవి మార్చి, మూత మీద రాసి ఉన్న రకం బ్రేకు ఆయిలే పోసి వెళ్ళేదాకా నేను ఆ మెట్టు దిగలేదు. ఎందుకంత భయపడ్డావని పిల్ల అడిగితే చెప్పబోయాను గానీ, దానికి ఫోను వచ్చింది. అందుకని ఈ ఊరి తెలుగువాళ్ళు, మీకు చెబుతున్నాను. మన ఈడువాళ్ళయితే చివరిదాకా వింటారు.

నేను పుట్టు పిరికిదాన్ని. కుక్కర్ కూతకి ఉలిక్కిపడతాను, లిఫ్టు ఎక్కితే దేవుణ్ణి తలుచుకుంటాను. అలాంటి నన్ను పట్టుకుని మా మామగారు కారు నేర్పించారు. అప్పుడు మేము కాసిడీహ్‌లో అద్దెకుండేవాళ్ళం. మామగారు శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాని వయసులో వచ్చి ఇక్కడి ఉక్కు కార్ఖానాలో చేరి, పెద్ద పెద్ద ప్రెస్సులూ, వాటిని నూనె ఒత్తిడితో నడిపే హైడ్రాలిక్కులూ చూసుకుంటూ రిటైరైన మనిషి. రిటైరయ్యాక కూడా చేతులు ఊరుకోక, ఆదిత్యపూర్‌లో ఎవరిదో చిన్న షెడ్డులో ప్రెస్సులు బాగుచేయడానికి వెళ్ళొచ్చేవారు. మా ఆయనకి షిఫ్టు డ్యూటీలు. ఇంట్లోకి ఒక పాత కారు కొన్నారు గానీ, ఆయన ఇంట్లో ఉన్నప్పుడు నిద్ర, నిద్ర లేచేసరికి డ్యూటీ, మామగారికేమో చూపు మందగించింది. అందుకని కోడలు నేర్చుకోవాల్సిందేనని మామగారే తీర్మానించారు. అత్తగారు మూతి ముడిచినా, వీధిలోవాళ్ళు గేట్ల దగ్గరికొచ్చి వింత చూసినా ఆయన పట్టించుకోలేదు.

ఆయన నేర్పిన పద్ధతి కూడా నాలాంటి పిరికిదానికి సరిపడేదే. స్టీరింగు పట్టుకోక ముందు కారుని అనుమానించడం నేర్పారు. సాయంత్రం కారు ఆపాక కింద పాత న్యూస్‌పేపరు పరిచి, పొద్దున్నే దాని మీద మరకలు చూడమనేవారు. నీళ్ళ మరకైతే రేడియేటరు, నల్లటి జిడ్డైతే ఇంజను, చక్రం లోపలివైపు తడి కనబడిందంటే బ్రేకు, ఆ రోజు బండి కదపకూడదు. బ్యాటరీ కొసలకి తెల్లగా బూజులాంటిది పడితే వేడినీళ్ళతో కడిగి, ఆరాక వాజలీను రాయాలి. టైరులో గాలి తగ్గుతోందని అనుమానముంటే వాల్వు మీద ఉమ్మి తడి రాస్తే బుడగ లేస్తుంది. నాకు అసహ్యమేసినా రాసేదాన్ని. రేడియేటరు వేడిగా ఉన్నప్పుడు మూత ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పారో. ముంజేతి మీద మచ్చ చూపించి మరీ చెప్పేవారు. మన ఊరి కార్ఖానా మసి సంగతి మీకు తెలుసుగా, అద్దం మీద పడ్డ మసిని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడిపోతాయి, ముందు నీళ్ళు పొయ్యాలి. ఇవన్నీ నేను భక్తితో కాదు, భయంతో చేశాను. ఒక్కటి మానేస్తే ఆ రోజే ఏదో జరుగుతుందనిపించేది.

కారు విషయంలో మామగారిని మించినవాడు లేడని మా నమ్మకం. ఆయన నమ్మకమూ అదే.

ఇక విశ్వకర్మ పూజ గురించి ఈ ఊరివాళ్ళకి నేను చెప్పేదేముంది. షెడ్డు షెడ్డుకీ విగ్రహం, స్పేనర్లకి కూడా కుంకుమబొట్టు. మామగారి సెక్షనులో మరొక ఆచారం ఉండేదట. పూజకి ముందు ప్రతి యంత్రంలోనూ ఆయిలూ నీళ్ళూ గీత దాకా నింపాలి. ఆకలితో ఉన్న మెషీనుని దేవుడి ముందు పెట్టకూడదు. ఆ ఆచారాన్ని ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నారు. నా కుట్టుమిషనుకి చుక్క నూనె, సైకిలు చైనుకి గ్రీజు, కారుకైతే తలంటు పోసినంత హడావుడి. ఆ ఏడు పూజ పొద్దున్న కూడా రేడియేటరులో నీళ్ళూ, బ్యాటరీలో నీళ్ళూ, ఇంజను ఆయిలూ అన్నీ గీత దాకా నింపారు. బ్రేకు ఆయిలు డబ్బాలో మాత్రం కొంచెం తగ్గి ఉంది. ఇంట్లో సీసా చూస్తే ఖాళీ. పూజనాడు దుకాణం ఎవడు తెరుస్తాడు. ఆయన దగ్గర షెడ్డు నుంచి తెచ్చుకున్న హైడ్రాలిక్ ఆయిలు చిన్న డబ్బాలో ఉంది, తేనెరంగులో, తేటగా. బ్రేకు కూడా హైడ్రాలిక్కే, జీవితమంతా ఆయన చేతులు ఆడినది ఆ నూనెలోనే. గుడ్డతో వడగట్టి మరీ గీత దాకా పోశారు. పక్కన పళ్ళెంలో పసుపూ కుంకుమా పట్టుకుని నిలబడ్డది నేనే. నాకు తప్పు అనిపించలేదు సరికదా, ఎంత శ్రద్ధో అనుకున్నాను.

పూజ అయిన మర్నాడు మా ఆయన కారు తీసి, బండి బరువుగా లాగుతోందేమిటి అన్నారు. తరవాతి రోజు మధ్యాహ్నం మా ఆడపడుచునీ, దాని చంటిదాన్నీ ఆదిత్యపూర్‌లో వాళ్ళ అత్తవారింట్లో దింపడానికి బయలుదేరాం. స్టీరింగు దగ్గర నేను, పక్కన మామగారు, వెనక ఒళ్ళో బిడ్డతో ఆడపడుచు. సాక్చీ దాటగానే ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు కారు కదలనంటోంది. బిష్టుపూర్ వచ్చేసరికి కాలుతున్న వాసన. నేను అడిగితే మామగారు కిటికీలోంచి తల బయటపెట్టి వాసన చూసి, ఏదో లారీది అన్నారు. ఆపుదాం మావయ్యా అన్నాను. ఆదిత్యపూర్ వెళ్ళే నది వంతెన దాటి ఆపుదువుగానీ అన్నారు.

వంతెనకి ముందు ఆ పల్లం మీకు గుర్తుండే ఉంటుంది. పల్లంలోకి దిగుతుండగా కింద నిమజ్జనానికి వెళ్తున్న విగ్రహం కనబడింది. ట్రాలీ మీద విశ్వకర్మ, ముందు డప్పులు, వెనక రోడ్డు నిండా రంగులు పూసుకుని ఎగురుతున్న మనుషులు, పిల్లలు. నేను బ్రేకు మీద కాలు వేశాను. పెడలు మెత్తగా దిగి, నేల దాకా వెళ్ళిపోయింది. మళ్ళీ తొక్కాను. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఎలాంటిదో ఇన్నేళ్ళ తరవాత కూడా నా కుడికాలికి తెలుసు. కలలో మెట్టు లేనిచోట కాలు పెట్టినట్టు ఉంటుంది.

"మావయ్యా, బ్రేకు పడ్డం లేదు."

ఆయన నా కాలి వైపు చూశారు. అంతటి మనిషి ముఖంలో అలాంటి భయం నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. వెనక నుంచి ఆడపడుచు "ఏటైంది వదినా, ఏటైంది" అంటోంది. అప్పుడు ఆయన, "గేరు దించమ్మా. మూడు. ఇప్పుడు రెండు. ఇంజను ఆపకు. హేండుబ్రేకు మెల్లగా లాగు, ఒకేసారి గుంజకు" అన్నారు. అంటూనే తన కుడికాలు తన ముందు నేలకేసి తొక్కుతున్నారు, అక్కడ కూడా ఒక బ్రేకు ఉన్నట్టు.

గేరు దించితే ఇంజను గోలపెట్టింది. కారు నెమ్మదించింది గానీ ఆగలేదు. నేను హారను మీద నుంచి చెయ్యి తీయలేదు, డప్పుల చప్పుడులో ఎవరికి వినబడుతుంది. ఎర్ర గౌను వేసుకున్న ఒక చిన్నపిల్ల వెనక్కి తిరిగి, మేము కూడా పండగకే హారను కొడుతున్నామనుకుని చెయ్యి ఊపింది. ఆ పిల్ల పళ్ళు కూడా నాకు కనబడ్డాయి. చంపేస్తున్నాను అనుకున్నాను. రోడ్డు పక్క ఇల్లు కడుతున్నవాళ్ళు పోయించిన ఇసక కుప్ప ఉంది. దాని వైపు స్టీరింగు తిప్పి కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూయమని ఎవరూ నేర్పలేదు, అది నా సొంత పిరికితనం.

కారు ఇసకలో ముక్కు గుచ్చుకుని ఆగింది. చంటిది ఏడ్చింది. ఆ ఏడుపు విని మేం ముగ్గురం ఏడ్చాం. మామగారి చెయ్యి నా మోచేతిని పట్టుకుని ఉంది, ఎప్పుడు పట్టుకున్నారో నాకు తెలియదు. ఊరేగింపు మమ్మల్ని చూడకుండానే వంతెన వైపు వెళ్ళిపోయింది.

మెకానిక్కు వచ్చి చక్రాలు విప్పాక లోపలి రబ్బర్లు తీసి చూపించాడు. నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ నూనె ప్రెస్సులకి అమృతమే గానీ, కారు బ్రేకు రబ్బరుకి విషమట. రబ్బరు ఉబ్బి బ్రేకు వదలకుండా పట్టేసింది, పట్టేసి వేడెక్కింది, వేడికి లోపల ఆయిలు మరిగి బుడగలు కట్టింది, ఇక ఎంత తొక్కినా పెడలు ఉత్తినే దిగిపోతుందట. బండి బరువుగా లాగినప్పుడే, వాసన వచ్చినప్పుడే ఆపి చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసి ఉంటే తెలిసేదని అన్నాడు. ఇది మాత్రం నా మాటగా మీరు మీ పిల్లలకి చెప్పండి. మెకానిక్కు హిందీలో, ఇందులో ఈ నూనె ఎవరు పోశారు అని అడిగాడు. మామగారు తలవంచుకుని "మైనే డాలా" అన్నారు. తరవాత నా వైపు తిరిగి తెలుగులో, "నానే పోసినానమ్మా. దేవుడికని పోసినాను" అన్నారు.

ఆ తరవాత ఆయన ఇంకెప్పుడూ కారు బానెట్టు ఎత్తలేదు. అన్నం దగ్గర కూర్చుని, చంటిదాన్ని తలుచుకుని, ముద్ద నోట్లో పెట్టుకోలేక లేచిపోయిన రోజులున్నాయి. నేనైతే ఇక స్టీరింగు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. బ్రేకులు కొత్తవి వేసి కారు ఇంటికి వచ్చినా దాని పక్కనుంచి కూడా నడవలేకపోయేదాన్ని. ఒక రోజు పొద్దున్నే మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, స్టీరింగు పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. భయమేస్తోంది మావయ్యా అని నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. "నాకూ భయంగానే ఉంది. రా అమ్మా, ఇద్దరం భయపడదాం" అన్నారు. ఆ పల్లం దాకా వెళ్ళి వచ్చాం. దారి పొడుగునా ఆయన చేతులు సీటు అంచుని పట్టుకునే ఉన్నాయి, కానీ ఒక్కసారి కూడా ఆపమనలేదు. ఆయన పోయేదాకా నేను కారు తీసిన ప్రతిసారీ ఆ సీట్లో కూర్చున్నారు.

మనవరాలి కారు మంచిదే, నేను కాదనను. తనకేం తక్కువైందో తనే దీపం పెట్టి చెబుతుంది. కానీ పిల్ల అద్దాలన్నీ బిగించుకుని, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని ఒక్కతే పోతుంది. చక్రం కాలినా వాసన లోపలికి రాదు. నేను భయపడతానని నా ఫోనులో ఏదో పెట్టి ఇచ్చింది, పిల్ల కారు ఎక్కడికి వెళ్తే అక్కడికి ఫోనులో ఒక నీలం చుక్క కదులుతుంది. దాని ఆఫీసు ఆదిత్యపూర్‌లో. రోజూ ఆ వంతెన దగ్గరే చుక్క కాసేపు ఆగుతుంది. ట్రాఫిక్కు అయ్యుండొచ్చు. అయ్యుండకపోవచ్చు కూడా, ఆ సంగతి చుక్క చెప్పదు. ఫోను చేద్దామంటే, నడిపేటప్పుడు ఫోను ఎత్తొద్దని చెప్పింది నేనే. అంత ఘోరంలోనూ ఆ రోజు కారులో మేం నలుగురం ఉన్నాం, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని భయపడ్డాం. ఇప్పుడు భయపడేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, అదీ కారులో లేను. చుక్క కదిలేదాకా కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంటాను.