గుడ్ల పెట్టె మీద ట్యాగు

“ట్యాగేసినాను. నేనొచ్చి తీస్తాను. నువ్వు ముట్టుకోకు.”

“ముట్టుకుంటే నా సెయ్యేటి కరిసేత్తదా? అన్నం తిని ఎల్లండి.”

“వచ్చి తింటాను.”

మేమిద్దరం ఆఖరుగా అనుకున్న మాటలివి. మా ఆయన పవర్ హౌస్ బజారుకు డాంగిల్ కొనడానికి వెళ్లారు. ఆటో స్టాండు దగ్గర గుండె పట్టుకుని కూర్చున్నారట, మళ్లీ లేవలేదు.

మా ఇల్లు భిలాయిలో, ఖుర్సీపార్‌లో. పొద్దున్నపూట నేను పవర్ హౌస్ దగ్గర బండి మీద ఇడ్లీ అమ్ముతాను. ఆయన ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యారు. ఊరికే కూర్చోలేక పాత ఫ్రిజ్ ఒకటి తెచ్చి గుడ్లు పొదిగే పెట్టె చేశారు. లోపల బల్బు, ఫ్యాను. పైన పేకముక్కల డబ్బా అంత చిన్న కంప్యూటరు. వేడి తగ్గితే బల్బు వెలిగించేదీ, ఎక్కువైతే ఆర్పేదీ అదే. ఇంట్లో కరెంటు పోయి బల్బు ఆరినా ఆ కంప్యూటరు బతికుండాలని వెనక స్కూటరు బ్యాటరీ కట్టారు. దానికి గుచ్చిన డాంగిల్‌లో నెట్టు కోసం సిమ్ ఉండేది. పెట్టెలో వేడి ఎంతుందో నా ఫోనుకు పంపేది. నాకు అక్షరాలు సరిగా రావు గానీ అంకెలు వచ్చు. ముప్పై ఏడున్నర కనిపిస్తే నిశ్చింతగా ఇడ్లీ వడ్డించుకునేదాన్ని.

పాత డాంగిల్ పట్టుకునే సిగ్నల్ మా వైపు ఆపేశారు. ఫోనుకు అంకెలు రావడం మానేశాయి. కొత్తది కొనడానికి వెళుతూ ఆయన డాంగిల్ గుచ్చే చోట ఎర్ర ట్యాగు వేలాడదీశారు. ప్లాంటులో స్విచ్చు ఆపి పనికి దిగినవాడు తన పేరున్న ట్యాగు దాని మీద వేస్తాడు. వేసినవాడే తీయాలి. ఇంకొకరు తీసి స్విచ్చు నొక్కితే అవతల తీగ పట్టుకున్న మనిషి పోతాడు. ఇంట్లో మిక్సీ విప్పినా ఆయన ట్యాగు వేసేవారు, నేను నవ్వేదాన్ని. ఆయన పోయాక మాత్రం దాన్ని ముట్టుకోలేదు. పెట్టె తుడిచినప్పుడు దాని చుట్టూ తుడిచాను.

చలికాలంలో ఒకరోజు నేను బండి దగ్గరుండగా ఇంట్లో కరెంటు పోయింది. నాకు తెలిసే దారి లేదు. ఇంటికి వచ్చేసరికి పెట్టె చల్లబడి ఉంది. ఆ గుడ్లలో సగానికి పైగా పాడైపోయాయి. ఆ గుడ్లు భిలాయి-3 నుంచి ఒకావిడ డబ్బులిచ్చి పొదిగించుకోవడానికి తెచ్చినవి. మళ్లీ తెచ్చింది, ఈసారి ఖరీదైన కడక్‌నాథ్ నల్లకోడి గుడ్లు. పెట్టెలో తనే సర్ది, “దీదీ, ఇస్ బార్ బిగడా తో ఫిర్ నహీ ఆవుంగీ” అని వెళ్లిపోయింది. ఈసారి చెడితే ఇక రానంది. ఆమె రాకపోతే ఆమె వెనక వాళ్లెవరూ రారు. ఆయన పెట్టె ఉత్త ఫ్రిజ్ అయిపోతుంది.

పది రోజులు బండి తీయకుండా పెట్టె ముందే కూర్చున్నాను. నా జాగాలో ఎవరో సమోసా పొయ్యి పెట్టారని కబురొచ్చింది. గుడ్లు పగిలేదాకా ఇంకో పదకొండు రోజులు కూర్చుంటే ఆ జాగా నాది కాదు. అప్పుడు మా ఆడపడుచు కూతుర్ని పిలిచాను. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నది అదే. ప్లాంటులో క్రేన్లు బాగుచేసే కాంట్రాక్టులో పని చేస్తుంది. వస్తూ వస్తూ దారిలో ఒక డాంగిల్ కొనుక్కొచ్చింది.

“ట్యాగున్న చోట నేను పెట్టను అత్తా. పక్కన ఇంకోటుంది కదా,” అని అక్కడ గుచ్చింది. తన ల్యాప్‌టాప్‌లో చాలాసేపు చూసింది.

“ఏటైంది?”

“కంప్యూటరు దీన్ని పెన్ డ్రైవ్ అనుకుంటోంది. దీని సామానంతా విండోస్ కోసం. మన డబ్బాలో ఉన్నది లైనక్స్.”

“షాపోడు ఏటన్నాడు?”

“లైనక్స్‌లో నడుస్తుందా భయ్యా అంటే, లైనక్స్ కౌన్ సా మొబైల్ హై, అదేం మొబైలని అడిగాడు.”

నాకు నవ్వొచ్చింది, అంతలోనే భయమేసింది. మేనకోడలు ఇంట్లో గుడ్లకు కాపలా ఉంది, నేను డాంగిల్ పట్టుకుని బయలుదేరాను. ఎలాంటిది కావాలో చీటీ రాసిచ్చింది. కంప్యూటరుకు తీగ గుచ్చిన నెట్టులా కనిపించేది, తన పని తానే చూసుకునేది. ఆయన పోయిన తర్వాత ఆ ఆటో స్టాండు వైపు నేను వెళ్లలేదు, బండికి వేరే సందులోంచి వెళ్లేదాన్ని. ఆరోజు తొందరలో నేరుగా నడిచాను. అక్కడొక మనిషి కూర్చుని వేరుశనగలు తింటున్నాడు. ఆగకుండా దాటేశాను.

“ఖోల్ దియా తో వాపస్ నహీ హోగా, అమ్మాజీ. సబ్ మే చల్తా హై,” అన్నాడు షాపతను. విప్పింది తీసుకోడట, అన్నిట్లోనూ నడుస్తుందట.

“హమారే మే నహీ చలా,” మా దాంట్లో నడవలేదని చెప్పి దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. వచ్చేవాళ్లు నన్ను దాటి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ముగ్గురు దాటాక చీటీ అడిగి తీసుకుని, లోపలికి వెళ్లి వేరే డబ్బా తెచ్చాడు.

దాన్ని గుచ్చగానే కంప్యూటరు గుర్తుపట్టింది. “ఇదే అత్తా,” అంది మేనకోడలు. డాంగిల్ మీద దీపం వెలిగింది, సిగ్నల్ కోసం వెతకడం మొదలుపెట్టింది. అంతలో పెట్టె మీది అంకెలు మాయమయ్యాయి. లోపల బల్బు ఆరింది. కంప్యూటరు చచ్చి, మళ్లీ తనంతట తాను లేచింది. ముప్పై ఆరు. బల్బు వెలిగింది. డాంగిల్ మళ్లీ వెతికింది, మళ్లీ అంతా ఆరింది. ముప్పై ఐదున్నర.

“పీకెయ్యే దాన్ని.”

“ఒక్క నిమిషం.”

“గుడ్లు సచ్చిపోతే నీ నిమిషం ఏటి సేసుకుంటాను?”

పీకేసింది. నేను పెట్టె మీద దుప్పటి కప్పి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఆ అంకెలు ముప్పై ఏడుకు ఎక్కడానికి తీసుకున్నంత సేపు ఆస్పత్రిలో కూడా నేను నిలబడలేదు. అక్కడికి వెళ్లేసరికే ఆయన అయిపోయారు.

మేనకోడలు ట్యాగు వైపు చూసింది. “మామయ్య ఇది ఊరికే ఎయ్యడు. దీంట్లో ఏదో ఉంది.”

“ఆయనే తీస్తానన్నారు.”

“ప్లాంటులో ట్యాగేసినోడు రాకపోతే ఒక పద్ధతుంది అత్తా. అతను ఇంక రాడని పెద్దోళ్లు తేల్చాలి. అప్పుడు ఇద్దరు నిలబడి తీస్తారు.” నా వైపు తిరిగింది. “ఇక్కడ పెద్దదానివి నువ్వే.”

ఊళ్లో అందరూ ఆయన పోయారన్నారు. కర్మ చేశారు, కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారు. నా నోటితో మాత్రం ఎవరూ చెప్పించలేదు. 

“రారు,” అన్నాను. “తియ్యి.”

అది ముడి విప్పింది, నేను ట్యాగు పట్టుకున్నాను. ముందువైపు ఆయన పేరు. తిప్పితే వెనక పెన్సిలుతో ఆయన రాత. మేనకోడలు చదివింది: ‘నేరుగా గుచ్చకూడదు. వెతికేటప్పుడు కంప్యూటరు కరెంటు లాగేసి బల్బు ఆర్పుతుంది. హబ్ కూడా కొనాలి, దానికి బ్యాటరీ నుంచి వేరే తీగ.’

“మామయ్య ఎవరిదో కొత్త డాంగిల్ తెచ్చి ముందే గుచ్చి సూసుకున్నాడు అత్తా. మనం ఇప్పుడు పడ్డ పాట్లన్నీ పడ్డాడు.”

ఆయన మాట నిలబెడుతున్నాననుకుని ఇన్నాళ్లూ ఆ ట్యాగు ముట్టుకోలేదు. దాని వెనకే ఆయన మాట ఉంది.

ఈసారి అదే పరుగెత్తి హబ్ తెచ్చింది. హబ్ అంటే డాంగిల్‌కీ కంప్యూటరుకీ మధ్యన పెట్టేది, కరెంటు తనే ఇస్తుంది. బ్యాటరీ నుంచి తీగ లాగి డాంగిల్ గుచ్చింది. డాంగిల్ వెతికింది. బల్బు ఆరలేదు. నా నడుం దగ్గర ఫోను అదిరింది. ముప్పై ఏడున్నర.

మర్నాడు బండి తీశాను. సమోసా అతను గొణుక్కుంటూ జరిగాడు. రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ అంకె తగ్గడం చూసి బండి పక్కావిడకు అప్పజెప్పి పరుగెత్తి పెట్టెకు దుప్పటి కప్పాను. ఇరవై ఒకటో రోజుకు గుడ్లు పగిలాయి. నాలుగు తప్ప అన్నీ పిల్లలే, బొగ్గుముక్కల్లా నల్లగా. భిలాయి-3 ఆవిడ పిల్లల్ని లెక్కపెట్టి బుట్టలో వేసుకుంది. వెళ్లేటప్పుడు, వచ్చే వారం ఇంకో బుట్ట తెస్తానంది.

ట్యాగు నా ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో ఉంది. ఇప్పుడది ఎవర్నీ ఆపదు.

ఇంక చాలు, రాసింది చాలు. మొదట్నించీ చదవవే. ఆ పైన ఆయన అన్నదీ నేనన్నదీ ఉంది చూడు, అది గబగబా చదివేయకు.